సిద్ధాంత వ్యాసాలలో పురావస్తు శాస్త్రము, స్థానిక సంఘ చరిత్ర: ఒక విమర్శ

మన వేదాంత కళాశాలల గ్రంథాలయాలలో విద్యార్థులు సమర్పించిన సిద్ధాంత వ్యాసాల కోసం ఒక బీరువా ఉంటుంది. చరిత్రకు సంబంధించినంత వరకు అందులోని వ్యాసాలు సాధారణముగా రెండు రకాలు. మొదటివి పరిశుద్ధ గ్రంథ దేశాల పురావస్తు శాస్త్రమును గూర్చినవి: యెరికో, మెగిద్దో, లాకీషు, కుమ్రాను. రెండవవి స్థానిక సంఘ చరిత్రలు: ఫలానా ఫీల్డులో మిషను పని, ఫలానా డయోసీసు ఆవిర్భావము, ఫలానా సంఘపు నూరేండ్లు. మొదటి రకము వ్యాసాలలో రాళ్ళున్నాయి గాని అవి విద్యార్థి తన కంటితో చూసినవి కావు. రెండవ రకము వ్యాసాలలో విద్యార్థి పుట్టి పెరిగిన ఊరుంది గాని ఆ ఊరి రాళ్ళు లేవు. యెరికో గోడలను గూర్చి ఇరవై పుటలు వ్రాయగలిగిన విద్యార్థి, తాను బాప్తిస్మము పొందిన సంఘపు పాత మందిరపు పునాది రాయి మీద ఏమి చెక్కి ఉందో ఒక్క పంక్తి వ్రాయలేకపోతున్నాడు.

ఈ లోపమునకు విద్యార్థులను మాత్రమే నిందించి లాభము లేదు. పురావస్తు శాస్త్రము మన తరగతులలో బైబిలుకు ఋజువులు సమకూర్చే శాస్త్రముగా బోధింపబడింది గాని, ఆధారములను చదివే క్రమశిక్షణగా బోధింపబడలేదు. ఆ క్రమశిక్షణను స్వంత ఊరికి అన్వయించనందున మన స్థానిక సంఘ చరిత్రలు మిషనెరీల జీవిత చరిత్రలుగా మారాయి. సువార్తను అంగీకరించిన మన పూర్వికులు అందులో అంకెలుగా మిగిలారు. ఒంగోలు ప్రాంతపు ఉద్యమమును ఉదాహరణగా తీసుకొని ఈ విషయమును పరిశీలించడము ఈ వ్యాసము ఉద్దేశము.

1. యెరికో గోడ నేర్పే పాఠము

జాన్ గార్‌స్టాంగ్ 1930 నుండి 1936 వరకు యెరికోలో త్రవ్వకాలు జరిపి, కూలిన గోడలు యెహోషువ కాలమునకు, అనగా సుమారు క్రీ.పూ. 1400కు చెందినవని ప్రకటించాడు. 1952 నుండి 1958 వరకు అక్కడే త్రవ్విన కేథలీన్ కెన్యన్ ఆ గోడలు అంతకంటే సుమారు వెయ్యి సంవత్సరాలు పాతవని చూపించింది. మన వ్యాసాలలో నేటికీ గార్‌స్టాంగ్ ఋజువుగా కనిపిస్తాడు. కెన్యన్ ఒక్క వాక్యములో, అదీ విశ్వాసమునకు అడ్డుపడిన వ్యక్తిగా, కనిపిస్తుంది. యెహోషువ గ్రంథములోని చరిత్రను ఎలా అర్థము చేసుకోవాలన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసినది ఆమె ఆ నిర్ణయానికి ఎలా వచ్చింది అన్నదే. ఆమె నేలను నిలువుగా కోసి, మట్టి పొరలను ఒకదాని క్రింద ఒకటి కనిపించేలా చేసి, ఏ కుండపెంకు ఏ పొరలో ఉందో చూసి కాలము నిర్ణయించింది.

ఈ పద్ధతి మన దేశమునకు కొత్త కాదు. కెన్యన్ 1930లలో ఇంగ్లండులోని వెరులామియం త్రవ్వకాలలో మోర్టిమర్ వీలర్‌తో కలిసి పనిచేసి దీనిని అభ్యసించింది. ఆ వీలరే 1944లో భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చి, అదే సంవత్సరము తక్షశిలలో విద్యార్థులకు శిక్షణ శిబిరము నడిపాడు. 1945లో అరికమేడులోను, 1947లో బ్రహ్మగిరిలోను త్రవ్వించాడు. యెరికోను చదివిన పద్ధతితోనే మన దక్షిణ దేశపు నేలను కూడా చదివారన్న మాట.

వస్తువు దొరికిన చోటు ఎంత ముఖ్యమో తెలియడానికి యాకోబు ఎముకల పెట్టె సంగతి చాలు. యేసు సహోదరుడైన యాకోబు పేరు చెక్కి ఉన్నదంటూ 2002లో ఆ రాతి పెట్టెను లోకమునకు చూపించారు. అది త్రవ్వకములో దొరికినది కాదు, ఒక సేకర్త దగ్గర బయటపడినది. పెట్టె పాతదే అయినా అక్షరాలు తరువాత చెక్కినవా అన్న వివాదము న్యాయస్థానము వరకు వెళ్ళింది. 2012లో యెరూషలేము న్యాయస్థానము నిందితుని ఫోర్జరీ ఆరోపణ నుండి విడిచిపెట్టింది గాని, అంతమాత్రాన ఆ వ్రాత అసలైనదని తేలినట్లు కాదని కూడా చెప్పింది. దొరికిన చోటు తెలియని వస్తువు ఎంత గొప్పదైనా సాక్ష్యము చెప్పలేదు. మన వ్యాసాల చివర అతికించే సమాధుల ఫొటోలు కూడా ఇటువంటివే. ఏ ఊరు, ఏ దొడ్డి, ఏ దిక్కు, ఎవరు ఎప్పుడు తీశారు అన్న వివరము లేకపోతే అవి అలంకారమే గాని ఆధారము కాదు.

కాబట్టి విద్యార్థి నేర్చుకోవలసినవి మూడు ప్రశ్నలు: ఇది ఏ పొరలోనిది? ఎక్కడ దొరికింది? దాని ప్రక్కన ఏమున్నది? ఈ ప్రశ్నలు రాళ్ళకే కాదు, మిషను నివేదికలకు కూడా వేయవలసినవి.

2. హిజ్కియా సొరంగము, బకింగ్‌హామ్ కాలువ

రెండవ రాజులు 20:20, రెండవ దినవృత్తాంతములు 32:30 యెరూషలేములోనికి నీళ్ళు తెప్పించిన ఘనతను హిజ్కియా రాజుకు ఇస్తాయి. సుమారు 533 మీటర్ల పొడవున ఆ సొరంగము నేటికీ ఉంది. 1880లో ఆ సొరంగపు గోడ మీద ఒక శాసనము బయటపడింది. ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియములో ఉంది. అందులో రాజు పేరు లేదు. రెండు వైపుల నుండి రాతిని తొలుచుకుంటూ వచ్చిన కూలీలు ఒకరి కేక ఒకరు విని, గొడ్డలికి ఎదురుగా గొడ్డలి కలిసిన క్షణము మాత్రమే అందులో ఉంది. గ్రంథము రాజును జ్ఞాపకముంచుకుంది. రాయి త్రవ్వినవారిని జ్ఞాపకముంచుకుంది. ఇందులో ఒకటి నిజము, మరొకటి అబద్ధము కాదు. రెండూ కలిస్తేనే చరిత్ర సంపూర్ణమవుతుంది.

ఈ పాఠమును ఒంగోలుకు తెచ్చి చూద్దాము. 1876-78 మహా కరవులో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ భాగము త్రవ్వించే కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించారు. బోధకులు కూలీల గుంపుల మీద పర్యవేక్షకులుగా ఉండి, విరామ సమయములో సువార్త చెప్పారు. సుమారు 15 నెలల పాటు ఆయన బాప్తిస్మములు ఇవ్వకుండా ఆపివేశారు. 1878 జూన్ మధ్య నుండి తిరిగి ప్రారంభించారు. జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంవత్సరాంతమునకు ఆ సంఖ్య 9,606కు చేరింది.

2,222 అన్న అంకె మన ప్రసంగాలలోను, వ్యాసాలలోను లెక్కలేనన్ని సార్లు వస్తుంది. పెంతెకొస్తు దినపు మూడు వేలతో పోలిక కూడా వస్తుంది. అయితే ఆ దినమున నీళ్ళలో నిలిచి బాప్తిస్మమిచ్చినది క్లౌ గారు కాదు. అభిషిక్తులైన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని ఇచ్చారు. ఆ ఆరుగురి పేర్లు, వారి ఊళ్ళు, వారి సమాధులు మన వ్యాసాలలో ఎన్నింటిలో కనిపిస్తాయి? కాలువ ఇంకా ఉంది. మూడున్నర మైళ్ళు నడిచి, ఆ గట్టు ప్రక్క పల్లెలలో ఎవరి తాతముత్తాతలు అక్కడ మట్టి మోశారో అడిగి వ్రాసుకోవలసిన పని ఇంకా మిగిలి ఉంది.

ఇది కేవలము గౌరవమునకు సంబంధించిన విషయము కాదు. నేటికీ మన విశ్వాసులను గంజి కోసము మతము మారినవారి సంతానమని ఎత్తిపొడిచేవారున్నారు. దానికి జవాబుగా మనము అద్భుతమని అంటాము. ఎత్తిపొడుపులోను, జవాబులోను ఆ ప్రజలు స్వంత బుద్ధితో ఆలోచించి నిర్ణయించుకున్నవారుగా కనిపించరు. ఆ నిర్ణయమును చూపించగలిగినది స్థానిక ఆధారము మాత్రమే.

3. క్లౌ గారి గ్రంథము ఏ పొరలోనిది?

ఒంగోలును గూర్చి వ్రాసే ప్రతి విద్యార్థి క్లౌ గారి ఆత్మకథను ఉదహరిస్తాడు. ఉదహరించవలసినదే. కాని 1878 సంఘటనలకు 1878 నాటి సాక్ష్యముగా దానిని వాడడము పొరపాటు. ఆ గ్రంథము అచ్చయినది 1914లో. క్లౌ గారు 1910లోనే ప్రభువునందు నిద్రించారు. ఆయన కోసము దానిని వ్రాసి పెట్టినది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. అనగా వృద్ధాప్యములో ఒకరు జ్ఞాపకము చేసుకోగా, మరొకరు కూర్చిన గ్రంథమది. గ్రంథపు పేరులోనే సామాజిక క్రైస్తవ్యము అన్న మాట ఉంది. ఎమ్మా గారు సామాజిక సువార్తకు పేరుపొందిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు సహోదరి అన్న సంగతి తెలిసిన పాఠకుడు ఆ మాటను కొంచెము ఆగి చదువుతాడు. ఇది ఆ గ్రంథమును తగ్గించడము కాదు, దానిని దాని పొరలో ఉంచడము. 1870లలో మిషనుకు వ్రాసిన ఉత్తరాలు ఒక పొర. 1914 నాటి గ్రంథము దాని పైపొర. తరువాతి శతాబ్ది సంచికలు ఇంకా పైపొర. మన వ్యాసాలలో ఈ మూడూ కలగలిసిపోతున్నాయి.

ఇంకొక లోపము పేర్ల విషయములో ఉంది. విద్యార్థులు ఇంగ్లీషు గ్రంథాలలోని స్పెల్లింగును చూసి తెలుగులోనికి తిరిగి వ్రాస్తున్నారు. అందువల్ల వెల్లంపల్లి వేలంపిల్లి అవుతుంది. మొదటి విశ్వాసి ఎర్రగుంట్ల పేరయ్య పెరియా అవుతాడు. దొర చెవికి వినిపించిన పేరును మన పితరునికి మనమే పెడుతున్నాము. ఆ ఊరికి బస్సులో వెళ్ళి మైలురాయి మీది పేరు చూసి రావడము పరిశోధనలో భాగమే.

జిల్లాల సంగతి కూడా ఇటువంటిదే. 1878లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లాలో చేరింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి 1972లో ప్రకాశం జిల్లా అయింది. ఇది తెలియక ప్రకాశం జిల్లా పేరుతో పాత రికార్డులు వెదికే విద్యార్థి ఖాళీ చేతులతో తిరిగి వస్తాడు. 1873లో బాస్‌వెల్ కూర్చిన నెల్లూరు జిల్లా మాన్యువల్ కరవుకు మూడేండ్ల ముందు ఆ ప్రాంతపు భూమి, కులాలు, కూలీల స్థితి ఎలా ఉన్నాయో తెలుసుకొనడానికి చదవదగినది. ఒంగోలును గూర్చిన వ్యాసాలలో దానికి చోటు దొరకడము అరుదు.

4. చెప్పులు కుట్టేవారి కథలు

ఇప్పుడు ఒక పాత పరిశోధనను తూచి చూద్దాము. పైన చెప్పిన ఎమ్మా గారే బెర్న్ విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొందిన పండితురాలు. 1898లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌ను గూర్చి, 1899లో ఒంగోలు ప్రాంతపు మాదిగలను గూర్చి గ్రంథాలు ప్రకటించింది. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకున్న కథలన్న అర్థమిచ్చే పేరుతో వచ్చిన ఈ రెండవ గ్రంథము వృద్ధ బోధకుల నోట విన్న సంగతుల మీద ఆధారపడినది.

ఆ గ్రంథము బలము స్పష్టము. మాతంగి, అరుంధతి కథలు, పోతులూరి వీరబ్రహ్మము సంప్రదాయము, యోగుల బోధ ఆ పల్లెలలో ఎలా వ్యాపించి ఉండేవో అది చెబుతుంది. పేరయ్య క్రీస్తును తెలుసుకొనక ముందే రాజయోగమును అభ్యసించాడనీ, వీరమ్మ అనే స్త్రీ ఆయనకు గురువనీ మనకు తెలిసినది ఇటువంటి సేకరణ వల్లనే. ఆయన, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మము పొందారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడింది. అనగా కరవుకు పది సంవత్సరాల ముందే, కాలువ లేనప్పుడే, దేవుని వెదకుతున్న ఒక మాదిగ దంపతులు తమంతట తాము నిర్ణయించుకున్నారు. గంజి కోసము మారారన్న ఎత్తిపొడుపుకు ఇంతకంటే గట్టి చారిత్రక జవాబు మరొకటి లేదు. ఆ జవాబు మిషను లెక్కలలో నుండి రాలేదు, ఒక పల్లె జ్ఞాపకములో నుండి వచ్చింది.

లోపాలు కూడా చెప్పాలి. ఏ కథను ఎవరు, ఎక్కడ, ఏ సందర్భములో చెప్పారో పాఠకునికి తెలిసేలా ఆమె నమోదు చేయలేదు. కథకుల తెలుగు మాటలు ఇంగ్లీషులో కరిగిపోయాయి. ఉపశీర్షికలో ఆ ప్రజలను తెలుగు పరయ తెగ అని పిలవడము ఆనాటి పాశ్చాత్యుల చూపు. యోగి గురువుల బోధను ఆమె సువార్తకు సిద్ధపరచిన మెట్టుగానే చూసింది; దానిని దాని స్వంత విలువతో తూచలేదు. యాకోబు పెట్టెను గూర్చి వేసిన ప్రశ్నే ఇక్కడా వేయాలి: ఈ కథ దొరికిన చోటేది? అయినా 1899లో ఒక విదేశీ స్త్రీ ఆ వృద్ధుల ప్రక్కన కూర్చొని విన్నది. ఆ వృద్ధుల మునిమనుమలమైన మనము, ఆ భాష మాతృభాషగా ఉన్న మనము, వినకపోవడము క్షమించరానిది.

శ్రమపడితే ఫలము ఉంటుందనడానికి తరువాతి పరిశోధనలు సాక్ష్యము. జెఫ్రీ ఆడీ 1975లో గోదావరి, కృష్ణా డెల్టా క్రైస్తవ ఉద్యమమును గూర్చి వ్రాసిన వ్యాసము, జేమ్స్ ఎలీషా తానేటి 2013లో తెలుగు బైబిలు స్త్రీలను గూర్చి ప్రకటించిన గ్రంథము మన విద్యార్థులు తప్పక చదవవలసినవి. తానేటి 2011లో తెలుగు క్రైస్తవుల చరిత్రకు ఒక గ్రంథసూచి కూడా కూర్చారు. ఆధారాలు ఎక్కడున్నాయో తెలియదని చెప్పుకొనే వీలు ఇక లేదు.

5. రాయి లేనివారు

రాళ్ళను చదవమన్నప్పుడు ఒక హెచ్చరిక కూడా అవసరము. మిషను కాంపౌండు సమాధుల దొడ్డిలో పాలరాతి ఫలకాలు ఎవరివి? ఎక్కువగా మిషనెరీలవి, వారి పసిబిడ్డలవి. పల్లెలలో మన మొదటి తరము విశ్వాసుల మీద మట్టి దిబ్బ, తలవైపు ఒక చెక్క సిలువ మాత్రమే ఉండేవి. అది కూడా నాలుగు వర్షాకాలాలకు పోయేది. రాళ్ళను మాత్రమే నమ్మితే మళ్ళీ దొరల చరిత్రే వస్తుంది. రాయి లేకపోవడమే ఇక్కడ ఒక సాక్ష్యము. ఎవరికి రాయి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదానిని కూడా వ్రాయాలి.

అందుకే పురావస్తు శాస్త్రజ్ఞులు త్రవ్వకానికి ముందు చేసే నేల పరిశీలన మనకు ఉపయోగపడుతుంది. పల్లె పటము గీయాలి. పాత మందిరము ఊరికి ఏ దిక్కున ఉంది, మంచినీళ్ళ బావి ఎంత దూరము, సమాధుల దొడ్డికి దారి ఎవరి పొలము గట్టున వెళ్తుంది, బడి ఎక్కడ నడిచింది: ఇవి గీసి చూస్తే, ఏ నివేదికలోను లేని కుల చరిత్ర కాగితము మీదికి వస్తుంది. దీనికి గడ్డపార అవసరము లేదు. నిజానికి గడ్డపార పట్టుకోకూడదు కూడా. పురావస్తు త్రవ్వకమునకు 1958 నాటి చట్టము ప్రకారము అనుమతి కావాలి. పైగా పాత మందిరము దగ్గర త్రవ్వితే నిధి కోసమేనన్న పుకారు సాయంత్రములోగా ఊరంతా పాకుతుంది.

6. రిజిస్టరు తెరిచే ముందు

స్థానిక సంఘ చరిత్రకు అన్నిటికంటే విలువైన ఆధారము బాప్తిస్మపు రిజిస్టరు. పాత పేరు, క్రొత్త పేరు, తండ్రి పేరు, పల్లె, వయస్సు, బాప్తిస్మమిచ్చిన బోధకుడు: ఒక్క వరుసలో ఒక జీవితము మలుపు తిరుగుతుంది. అయితే ఆ రిజిస్టరు చరిత్ర పత్రము మాత్రమే కాదు, బ్రతికి ఉన్న కుటుంబాల మీద ప్రభావము చూపగల పత్రము. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు క్రైస్తవులను ఆ జాబితాలోనికి రానివ్వలేదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాలలో క్రైస్తవులైన దళితులు వెనుకబడిన తరగతుల సి గ్రూపులో ఉంచబడ్డారు. ఆదివారము మందిరములో ఒక పేరు, బడి సర్టిఫికెట్టులో మరొక పేరు ఎందుకున్నాయో ప్రతి సంఘ కాపరికి తెలుసు.

కాబట్టి విద్యార్థి ఇటీవలి తరముల పేర్లను కులముతో సహా వ్యాసములో అచ్చు వేస్తే, ఒక పిల్లవాని చదువు, ఒక ఇంటి ఉద్యోగము ప్రమాదములో పడవచ్చును. మరణించిన మొదటి తరము పేర్లను గౌరవముతో వ్రాయాలి. అవి కూడా కుటుంబమును అడిగి వ్రాయడము మంచిది. జీవించి ఉన్నవారి వివరాలు కాపరి దగ్గరే ఉండాలి. దీనిని పిరికితనముగా భావించకూడదు. ఆ కుటుంబాలను కాయవలసిన బాధ్యత సంఘానిది, పరిశోధకునిది. మన చరిత్ర ఎందుకు దాగి ఉన్నదో చెప్పడము కూడా చరిత్ర వ్రాయడమే.

7. చేయదగిన పని

పాత మందిరాలు పడగొట్టి కాంక్రీటు మందిరాలు కట్టడము ప్రతి సంవత్సరము జరుగుతున్నది. క్రొత్త శిలాఫలకము మీద దాతల పేర్లు, ప్రారంభించిన పెద్దల పేర్లు వస్తాయి. పాత రాయి మెట్టు క్రిందనో, చాకిరేవు బండగానో చేరుతుంది. రిజిస్టర్లకు చెదలు పడుతున్నాయి. సమాధుల దొడ్లు ఆక్రమణలో కుంచించుకు పోతున్నాయి. పాత కీర్తనలు, సాక్ష్యాలు నోటి మీద ఉన్న వృద్ధులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఒంగోలు మిషను పాత ఉత్తరాలు అట్లాంటాలోని అమెరికన్ బాప్తిస్టు చరిత్ర సంఘపు భాండాగారములో భద్రముగా ఉన్నాయి. అవి ఇంకో యాభై ఏండ్లు ఆగగలవు. ఊరిలోనివి ఆగలేవు.

అందుచేత ఉపాధ్యాయులకు ఒక మనవి. బైబిలు పురావస్తు శాస్త్రము చదివే ప్రతి విద్యార్థికి ఒక స్థానిక అభ్యాసము ఇవ్వండి: ఒక మందిరము, ఒక సమాధుల దొడ్డి, ఒక రిజిస్టరు. రాతి మీది అక్షరాలను తప్పొప్పులతో సహా ఉన్నవి ఉన్నట్లు వ్రాసుకోవాలి. సుద్దముక్కతో దిద్దకూడదు, ఆమ్లముతో కడగకూడదు. ఉదయమో సాయంత్రమో ఏటవాలు ఎండలో ఫొటో తీయాలి. వృద్ధుల మాటను వారి మాటలలోనే, పేరు, ఊరు, తేదీతో వ్రాయాలి. వ్యాసము ప్రతి ఒకటి కళాశాలకు, ఒకటి ఆ సంఘానికి చేరాలి. తమను గూర్చి వ్రాసినది తాము చదువుకొనలేని స్థితిలో ఏ సంఘమునూ ఉంచకూడదు.

తోటి కాపరులకు కూడా ఒక మాట. విద్యార్థి వచ్చి రిజిస్టరు చూపించమని అడిగితే విసుగుకొనకండి. ప్రక్కన కూర్చొని చూపించండి, ఏది వ్రాయవచ్చునో ఏది వ్రాయకూడదో చెప్పండి. క్రొత్త మందిరము కట్టేటప్పుడు పాత రాయిని క్రొత్త గోడలో, అందరికీ కనిపించే ఎత్తున పెట్టించండి.

లూకా తన సువార్తను మొదలుపెడుతూ, కన్నులార చూచినవారు అప్పగించిన సంగతులను మొదటి నుండి తరచి పరిష్కారముగా తెలుసుకొన్నానని చెబుతాడు. యెహోషువ 4వ అధ్యాయములో యొర్దాను నుండి తీసిన పన్నెండు రాళ్ళు గిల్గాలులో నిలపబడినది, పిల్లలు అడిగినప్పుడు తండ్రులు జవాబు చెప్పడానికే. పిల్లలు అడుగుతారన్నది అక్కడ నిశ్చయమే. జవాబు చెప్పడము తండ్రుల బాధ్యత. గుండ్లకమ్మ ఒడ్డున ఏమి జరిగిందని మన పిల్లలు అడిగితే అంకె ఒక్కటే చెప్పి ఊరుకుంటే చాలదు. ఎవరు, ఏ పల్లె నుండి, ఎందుకు వచ్చారో చెప్పగలగాలి. అది చెప్పడానికి కావలసిన సాక్ష్యము ఇంకా కొంత మిగిలి ఉంది.